దొంగ రిఫరీ

ఇది ఒక మహాయోధుడి కథ. ఇందులో రణరంగం ఉంది, రక్తం ఉంది, చెయ్యి చచ్చుబడినా వెనక్కి తగ్గని వీరత్వం ఉంది, ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టి చూసిన ఘట్టం ఉంది, ఆఖర్న ఒక మరణం కూడా ఉంది. భారతంలో ఒక పర్వానికి సరిపడా సరుకు.

అంత లేదు. రణరంగం అంటే కొబ్బరి పొట్టు మీద పరిచిన టార్పాలిన్. రక్తం నాది, అదీ వీపు మీద. చేతికి ఏమీ కాలేదు. ఊరు ఊపిరి బిగబట్టింది నాలుగు నిమిషాలు, అందులో ఒక నిమిషం మైకు ఆగిపోయినందుకు. యోధుడు జన్మలో ఎవరి మీదా చెయ్యెత్తినవాడు కాదు, కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపేవాడు. మరణం మాత్రం నిజమే. పోయిన నెల పోయాడు.

ఎలా పోయాడని, కిడ్నీ జబ్బుకి పేరుపడ్డ మా ఉద్దానంలో ఎవరూ అడగరు. క్రియాటినిన్ ఎంత ఉండేదని అడుగుతారు, వేసవిలో ఎండ ఎంత కాసిందని అడిగినట్టు. బయటి ఊళ్లవాళ్లు మాత్రం, చెట్లెక్కే మనిషి అనగానే, "అయ్యో, చెట్టు మీంచి పడ్డాడా?" అని జాలిగా మొహం పెడతారు. పడలేదు. మంచం మీద పడుకుని పోయాడు. నలభై ఏళ్లపాటు పడడం గురించి అంత ఆలోచించిన మనిషి చివరికి పడకుండానే పోయాడు. చదువుకున్నదొకటి, పరీక్షలో వచ్చిందొకటి.

నాకు వరసకి మావ. ఊళ్లో సగంమందికి మావే. కాని ఊరు ఆయన్ని డూపు మావ అనేది. కారణం ఆయన కుస్తీ చూసేవాడు. మట్టి కుస్తీ కాదు, టీవీ కుస్తీ. ఇద్దరు తెల్లవాళ్లు నిక్కర్లేసుకుని నాలుగు వైపులా తాళ్లు కట్టిన అరుగు మీద ఒకరినొకరు ఎత్తి పడేసుకుంటారే, అది. ఊరంతా దాన్ని చిన్నప్పుడు నోరు తెరుచుకుని చూసి, పెద్దయ్యాక "అదంతా డూపంట" అని తెలుసుకుని, మోసపోయినందుకు సిగ్గుపడి మానేసింది. ఆయనొక్కడే మానలేదు.

ఆ పేరు ఆయనకి నచ్చేది కాదు. కోపం తెచ్చుకునేవాడు కాదు గాని, పిలిస్తే పలికేవాడు కాదు. టీ కొట్టువాడు "డూపు మావా, టీ" అని గ్లాసు బల్ల మీద పెడితే, ఆ గ్లాసు తనది కానట్టే కూర్చునేవాడు. టీ చల్లారి మీగడ కట్టేది. అప్పుడు లేచి వెళ్లిపోయేవాడు. పొలం కావాలనో, మేడ కట్టాలనో ఆయన అనగా నేను వినలేదు. ఆ పేరు ఊడిపోవాలన్నది ఒక్కటే ఆయన కోరిక. అదీ నోటితో చెప్పలేదు, చల్లారిన టీలు చెప్పాయి.

కాశీబుగ్గలో నేను పనిచేసే సెల్లుల షాపుకి ఒకరోజు మధ్యాహ్నం వచ్చాడు. లుంగీ మీద ఇస్త్రీ చొక్కా, అంటే పట్నం వేషం. చేతిలో జీడిపప్పు కవరు, అందులో ఒక సీడీ. దాని మీద కోళ్లు కెలికినట్టు గీతలు.

"అల్లుడూ, ఇందులో ఆట ఒకటున్నాది. నా ఫోన్లోకి ఎక్కించు."

"ఏ ఆట మావా?"

"ఒకటే ఉంటాది. నల్లనిక్కరోడిదీ నీలంనిక్కరోడిదీ."

మూలనున్న పాత కంప్యూటరు దులిపి ఎక్కించడం మొదలుపెట్టాను. ముప్పై నాలుగు నిమిషాల ఆట. అది ఎక్కుతున్నంతసేపూ ఆయన ఆపరేషన్ గది బయట నిలబడ్డట్టు నిలబడ్డాడు. స్టూలు చూపించినా కూర్చోలేదు. ఊరికే ఉండలేక కదిపాను.

"మావా, ఎవుడు గెలుత్తాడో ఆల్లు ముందే రాసేసుకుంటారంట గదా. తెలిసిపోయిన ఆట మల్లీ సూడ్డవేటి?"

"నువ్వు పెల్లిల్లకి ఎల్తావా?"

"ఎల్తాను."

"ఎవుడికి ఎవుతో శుభలేకలోనే రాసేసుంటాది గదా. మరెందుకెల్తన్నావు?"

"బోజనానికి మావా."

"ఆఁ. ఇదీ అంతే. పేర్లు ముందే తెలుసు. వంట సూడాల."

షాపులో నవ్వింది నేనొక్కణ్నే. ఆయన నవ్వలేదు, ఎందుకంటే ఆయన జోకు వెయ్యలేదు.

ఆ తర్వాత ఆయన వంట ఎలా చూస్తాడో చూడ్డానికి వెళ్లడం మొదలుపెట్టాను. సెలవు రోజుల్లో, ఊరి చివర కొబ్బరి పీచు యార్డులో. అక్కడ దూరపు వరసలో మేనత్త కొడుకు, అంటే నా బావ, పీచు కట్టలు ఎత్తేవాడు. వాడి భుజాలు చూస్తే దేవుడు ఇద్దరికి పెట్టాల్సింది ఒకడికే పెట్టేశాడనిపిస్తుంది. మధ్యాహ్నం పని ఆగినప్పుడు పీచు కట్టకి ఫోను ఆనించి మావ ఆట పెట్టేవాడు.

సౌండు తీసేసి చూసేవాడు. "ఆ కోటేసుకున్నోడు ఊరికే అరుత్తాడు. ఆడికి ఆట తెల్దు," అనేవాడు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని మనిషి ఇంగ్లీషు వ్యాఖ్యానాన్ని తప్పుపట్టడం విడ్డూరంగా ఉండేది. తర్వాతెప్పుడో నేను సౌండు పెట్టుకుని విన్నాను. నిజంగానే వాడికి ఆట తెలీదు.

ఎవడైనా మూలనున్న స్తంభం మీదకెక్కి దూకే ఘట్టం వచ్చినప్పుడు బావా నేనూ దూకేవాణ్నే చూసేవాళ్లం. మావ వేలు మాత్రం కింద పడివున్నవాడి మీద ఉండేది.

"దూకినోడ్ని కాదురా. పట్టుకున్నోడ్ని సూడు."

చూస్తే, కిందవాడు ఆఖరి క్షణంలో రెండు చేతులూ జానెడు పైకి లేపి, మీద పడుతున్నవాడి బరువు తన ఛాతీ మీద పడకుండా భుజాల మీదకి తీసుకుని పక్కకి జార్చేస్తున్నాడు. ఇద్దరిలో ఎవరికీ దెబ్బ లేదు. అరక్షణం పని. ఆ వెంటనే చచ్చినట్టు కాళ్లు చాపేస్తాడు.

"దూకినోడికి ఈలలు. పట్టుకున్నోడికి నడుంనొప్పి," అనేవాడు మావ. పీచు కట్టలెత్తే మా బావకి ఈ మాట వెంటనే అర్థమైంది. ఆ ఆటలో వాడికి అర్థమైన మొదటి మాట అదే.

వాడికి అర్థం కానిది మొదటి పన్నెండు నిమిషాలు. ఆ పన్నెండు నిమిషాలూ నల్లనిక్కరువాడు నీలంనిక్కరువాడి ఎడం చెయ్యి తప్ప ఇంకేమీ ముట్టుకోడు. మణికట్టు మెలిపెడతాడు. నేలకేసి నొక్కి, మోచెయ్యి మీద మోకాలు ఆనిస్తాడు. వాడు తప్పించుకుని లేస్తాడు, ఎదురు తిరుగుతాడు, చూస్తే మళ్లీ అదే చెయ్యి వీడి గుప్పిట్లో ఉంటుంది.

"ముందుకి తొయ్యి మావా," అనేవాడు బావ ఆవలిస్తూ.

"సినిమాకెల్తే ఇంటర్వెల్లు నుంచి సూత్తావేటి?"

తర్వాతి ఇరవై నిమిషాలు ఆ చెయ్యి జోలికి ఎవరూ పోరు. చూసేవాళ్లు మర్చిపోతారు. నీలంనిక్కరువాడు మర్చిపోడు. బరువెత్తాలంటే కుడిచేత్తో ఎత్తుతాడు. ఒకసారి అలవాటుకొద్దీ ఎడం చెయ్యి చాపి, సగంలో ఆపి, వేళ్లు ఆడిస్తూ దులుపుకుంటాడు. ఆఖర్న నల్లనిక్కరువాణ్ని వెల్లకిలా పడేసి వాడి మీద పడుకుంటాడు. కిందవాడి భుజాలు నేలకి అంటివుండగా రిఫరీ మూడుసార్లు నేల చరిస్తే గెలుపు. ఒకటి. రెండు. కిందవాడు లేవకుండా వాడి కాలు పట్టి మడవాలి, పట్టాల్సింది ఎడం చేత్తో. పట్టు జారుతుంది. భుజం లేచిపోతుంది.

మావ అక్కడ ఆపేవాడు. ఎప్పుడు చూసినా అక్కడే. ఆయన బొటనవేలు పడీ పడీ ఫోను అద్దం మీద ఆ చోట మచ్చ పడింది. అద్దం మార్చమని రెండుసార్లు చెప్పాను, అది షాపువాడిగా నా ధర్మం.

"సూసినావా. మొదట్లో మెలేసిన సెయ్యి ఆకర్న జారిపోనాది. ఇది డూపంటావేటి?"

"డూపే గదా మావా. ఆడి సెయ్యికేటీ కాలేదు," అన్నాను.

"నానూ అదే సెప్తన్నాను. సెయ్యికేటీ కాలేదు. అయినా ఆట అయిపోయే వరకూ ఆడు నొప్పి మర్సిపోలేదు. మనకి నిజంగా దెబ్బ తగిల్తేనే రెండ్రోజుల్లో మర్సిపోతాం."

అద్దం సంగతి నేను మూడోసారి ఎత్తలేదు.

ఈ చూపు ఆయనకి చెట్ల మీద వచ్చింది. కొత్తగా పనికొచ్చిన కుర్రాడు సరసరా చెట్టెక్కుతుంటే అందరూ శభాష్ అంటారు. మావ మొహం తిప్పుకుని బీడీ వెలిగించుకునేవాడు. వాడు దిగడం మొదలెట్టాక అప్పుడు చూసేవాడు. "ఎక్కడం ఎవుడైనా ఎక్కుతాడు. కాయలు ఎదురుసూత్తాయి గదా. దిగేటప్పుడు పైనేటీ ఉండదు. అప్పుడు తెలుత్తాది." ఒకసారి ఆయనే పడ్డాడు. ఆ పడడం ఊరి లెక్కలో నలభై అడుగులు, ఏటా ఇంకో ఐదు కలిసేవి. ఆయన లెక్క మాత్రం తగ్గుతూ వచ్చేది. మొదట నేను అడిగినప్పుడు పదిహేను ఉంటుందన్నాడు. మరుసటేడు పన్నెండు. ఆఖరిసారి ఎనిమిది. ఇంకొన్నాళ్లు బతికివుంటే అసలు చెట్టే ఎక్కలేదని తేలేది.

"గెడ్డం గుండెకానించినాను. రెండు సేతులూ ఇసక మీద సరిసినాను. ఊపిరి ఒగ్గేసినాను. నీలంనిక్కరోడు అలగే పడతాడు."

"బయ్యం వెయ్యలేదేటి మావా?"

"దానికి టయిం ఏదిరా, ఎనిమిది అడుగులు."

మూడేళ్ల కిందట మా ఊరి అమ్మవారి సంబరానికి ఇచ్ఛాపురం నుంచి రావలసిన ఆర్కెస్ట్రావాళ్లు నెల ముందు రామన్నారు. అంతకన్నా పెద్ద సంబరం ఏదో వాళ్లకి దొరికింది. కమిటీ టీ కొట్టు దగ్గర కూర్చుని తలలు పట్టుకుంది. కమిటీ అంటే ముఖ్యంగా టీ కొట్టువాడే, మిగతావాళ్లు టీ తాగేవాళ్లు. మావ పక్క బల్ల మీద ఉన్నాడు.

"డూపు మావా, నీ డూపాటేదో ఆడించీరాదేటి," అన్నాడు టీ కొట్టువాడు. అందరూ నవ్వారు.

ఆ పేరుకి ఆయన పలకడం మొదటిసారి చూశాను.

"ఆడిత్తాను. ఆట మద్దిలో ఊరు గమ్మునైపోతే, మరింక ఆ పేరు మీ నోట్లోంచి రాకూడదు."

"అవ్వకపోతే?"

"నీ కొట్టుకి బోర్డు లేదు గదా. డూపు మావ టీ స్టాలని రాయించీ. నానే ఎక్కి మేకు కొడతాను."

ఒప్పందం అయిపోయింది. ఆడేది ఎవరో ఎవరూ అడగలేదు. మావ నా వైపూ, బావ వైపూ చూశాడు. మా అభిప్రాయం కూడా ఎవరూ అడగలేదు.

నెల రోజులు యార్డులో కొబ్బరి పొట్టు గుట్ట మీద సాధన. మొదటి రెండు వారాలు పడడమే. నిలబడు, పడు, లే, పడు. గడ్డం గుండెకి. చేతులు చరుపు. ఊపిరి వదులు. నా నోట్లోంచి వారం రోజులు కొబ్బరి పొట్టు రాలింది. మూడో వారం బావ నన్ను ఎత్తడం, నేను ఎగరడం. ఇక్కడ మావ ఒక్క మాటే చెప్పాడు, రోజూ చెప్పాడు:

"పైనోడి బరువు కిందోడు మొయ్యాల. కిందోడి పేనం పైనోడు మొయ్యాల. ఈ రెండూ సూసినోల్లకి తెలకూడదు."

నాలుగో వారం, ఎడం చెయ్యి. నాలుగు నిమిషాలపాటు బావ నా ఎడం చెయ్యి మెలిపెట్టి పట్టుకోవాలి. మా బావ పట్టు ఎంత సుతారంగా ఉండేదంటే, ఆ పట్టులో ఉండగా నాకు రెండుసార్లు కునుకు పట్టింది. మొహం మాత్రం ప్రాణం పోతున్నట్టు ఉండాలి. ఆ తర్వాత ఆట అయ్యేదాకా ఆ చెయ్యి నాకు లేనట్టే. చివరికి కుడిచేత్తో నేను గెలవాలి. ఇది ముందే రాసుకున్నది.

సరుగుడు బాదులు నాలుగు పాతి, మధ్యలో పొట్టు పోసి, మీద టార్పాలిన్ బిగించాం. చుట్టూ మూడు వరసల తాళ్లు మావే స్వయంగా పేనాడు. కొత్త కొబ్బరితాడు, ఈ చివర నుంచి ఆ చివరకి ముడి లేకుండా. ఉద్దానంలో ఉండి తాడు బయటి నుంచి తెచ్చుకోవడం అంటే సముద్రం ఒడ్డున ఉండి ఉప్పుకి చెయ్యి చాపినట్టు. అంత చూపున్న మనిషి, నల్లనిక్కరువాడి చిటికెనవేలు ఎప్పుడు కదిలిందో చెప్పగలిగిన మనిషి, వాళ్ల తాళ్లు నున్నగా ఉంటాయన్న సంగతి చూడలేదు. మేమూ చూడలేదు. సాధన చేసినన్నాళ్లూ మాకు తాళ్లే లేవు.

సాయంత్రం నాలుగింటికి ఆట. అమ్మవారి ఊరేగింపు ఆరింటికి. ఊరంతా వచ్చింది. పక్కనున్న జాలరిపేట కూడా వచ్చింది. ముందు వరసలో టీ కొట్టువాడు, వాడి పక్కన కుర్చీలో మా మామ్మ. మావ రిఫరీ. తెల్లచొక్కా గుండీలన్నీ పెట్టుకుని, లుంగీ బదులు పెళ్లినాటి ప్యాంటు వేసుకున్నాడు. అది బిగుతుగా ఉండి ఆయన నడక రిఫరీ నడకలా కాకుండా వరుడి నడకలా ఉంది.

మూడో నిమిషంలో బావ నన్ను తాళ్ల మీదకి విసిరాడు. నేను వీపుతో తాళ్లని కొట్టుకుని ఎగిరి వెనక్కి రావాలి. వచ్చాను. చర్మం కొంత అక్కడే ఉండిపోయింది. కొత్త కొబ్బరితాడు అంటే ఏమిటో చేత్తో పట్టుకున్నవాళ్లకి తెలుసు, చొక్కా లేని వీపుతో పట్టుకున్నవాణ్ని మా జిల్లాలో నేనొక్కణ్నే. రెండోసారి విసిరినప్పుడు "అమ్మా" అని నిజంగా అరిచి కూలబడ్డాను. వీపు మీద అడ్డంగా మూడు చారలు, రక్తం.

జనం గొల్లుమన్నారు.

"రంగురా. వీపుకి రంగు పూసేసుకొచ్చినాడు."

"నాసిరకం రంగు. కారిపోతన్నాది."

"డూపు మావా, పసుపు కూడా కలపాల్సింది," అన్నాడు టీ కొట్టువాడు. ఇంకెవరో ఈల వేశారు. "డూపు, డూపు" అని కుర్రాళ్లు చప్పట్లతో అందుకున్నారు. మైకువాడు కూడా నవ్వాడు, అది మైకులో వినపడింది.

మావ నా పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. చూసేవాళ్లకి రిఫరీ ఆటగాణ్ని పరీక్షిస్తున్నట్టే ఉంటుంది. ఆట మధ్యలో గుట్టుగా మాటలు ఎక్కడ చెప్పుకోవాలో ఆయనకి తెలుసు, నీలంనిక్కరువాడి ఆటలో అది కూడా పట్టేశాడు. ఆయన చూపు నా వీపు మీద ఒకసారి, తాడు మీద ఒకసారి ఆగింది. మొహం మాడిపోయింది.

"నొప్పేటి?"

"నిజం నొప్పి మావా. ఆపేద్దాం."

ఆయన ఆపేస్తాడనే అనుకున్నాను. ఆపితే టీ కొట్టు బోర్డుకి మేకు కొట్టాల్సింది ఆయనే.

"ఆపమంటే ఆపేత్తాను. నీ వీపు నీదే. ఆడగలిగితే మాత్రం, ఆ నొప్పి దాసెయ్. సెయ్యి సూపించు."

నాకు ఆ క్షణంలో తోచిన వీరోచితమైన ఆలోచన ఏమీ లేదు. లేచి ఇంటికెళ్లాలంటే ఇంత జనం మధ్యలోంచి వీపు చూపించుకుంటూ వెళ్లాలి. ఆడడమే నయమనిపించింది. తల ఊపాను. మావ లేస్తూ లేస్తూ బావ చెవిలో కూడా ఏదో అన్నాడు. బావ ఇంక నన్ను తాళ్ల వైపు తీసుకెళ్లలేదు. నా ఎడం చెయ్యి పట్టుకున్నాడు.

మొదటి నిమిషం అరుపులు అలాగే ఉన్నాయి. "కొట్టుకోండ్రా. సేతులు పట్టుకుని కూకున్నారు, పెల్లిపీటల మీద లాగ." బావ తొందరపడలేదు. మణికట్టు తిప్పాడు, నేను మోకాళ్ల మీద పడ్డాను. లేచాను, మళ్లీ తిప్పాడు. మోచేతి మీద మోకాలు పెట్టాడు, ఈకంత బరువు కూడా పడనివ్వలేదు. నేను వీపు భగ్గున మండుతుంటే, ఆ మంటంతా చేతిలో ఉన్నట్టు మొహం పెట్టాను. చేతికి ఏమీ లేదు. వేళ్లు వణికించాను. కుడిచేత్తో టార్పాలిన్ గీరాను. అప్పుడే మైకు ఆగిపోయింది. ఊరు గమ్మునవడం ఎప్పుడు మొదలైందో తెలీదు గాని, ఒక సమయానికి నాకు బావ ఊపిరి వినపడుతోంది. దూరంగా సముద్రం కూడా. సంబరం మధ్యలో సముద్రం వినపడడం అంతకు ముందు ఎప్పుడూ లేదు.

బావ వదిలాడు. నేను లేచి వాణ్ని ఎత్తబోయాను. ఎడం చెయ్యి సగంలో వదిలేశాను. వేళ్లు దులుపుకున్నాను. ముందు వరసలోంచి, చాలా నెమ్మదిగా, టీ కొట్టువాడి గొంతు:

"ఎడం సెయ్యి పోయిందిరా ఆడికి."

మావ మొహం కదల్లేదు. చెవి మాత్రం కదిలింది.

ఇక గెలవడమే మిగిలింది. బావని పడేసి మీద పడుకున్నాను. ఒకటి. రెండు. ఎడం చెయ్యి జారింది, బావ భుజం లేచింది. జనం "అయ్యో" అన్నారు, ఒక్క గొంతుతో. రాసుకున్న ప్రకారం బావ ఇంకొక్కసారి ఆ చెయ్యి అందుకోవాలి, నేను కుడిచేత్తో తిప్పికొట్టి గెలవాలి. బావ అందుకున్నాడు. తాళ్ల మధ్య నుంచి మా మామ్మ లోపలికొచ్చింది.

డెబ్బై దాటిన మనిషి, మూడు వరసల తాళ్లలోంచి ఎలా దూరిందో ఇప్పటికీ తేలలేదు. నేరుగా వచ్చి బావ చెవి పట్టుకుంది.

"ఒగ్గెయ్రా నా మనవడి సెయ్యి. రేపు ఆడు షాపుకెల్లి సెల్లులు బాగు సెయ్యాల. నీకేటి, కట్టలు మోసుకుంటావు."

"డూపు మామ్మా, ఉత్తుత్తికే," అన్నాడు బావ చెవి నొప్పితో.

"నాకు సెప్పకు డూపని. నానేటి గుడ్డిదాన్నా?"

ఎవరూ నవ్వలేదు. నేను ఊరంతటినీ చూశాను, ఒక్కరు కూడా నవ్వలేదు. అప్పుడు మావ చేసిన పని వల్లనే ఇదంతా రాస్తున్నాను. బయటి మనిషి లోపలికొచ్చి ఎవరికి సాయం చేస్తే వాళ్లు ఓడినట్టు. టీవీ కుస్తీలో అది నియమం. మామ్మ నాకు సాయం చేసింది. మావ ఒక్క క్షణం నా వైపు చూసి, నడిచి వెళ్లి, చెవి ఇంకా మామ్మ చేతిలోనే ఉన్న బావ చెయ్యి పైకెత్తాడు.

నేను గెలవాలని రాసుకున్న ఆటలో నేను ఓడిపోయాను.

మర్నాడు టీ కొట్టు దగ్గర పెద్ద గొడవ. ముసలావిడకి రూలేం తెలుసని సగంమంది, రూలు రూలేనని సగంమంది. "గెలిసేవోడ్ని ఓడించేసినాడు. దొంగ రిఫరీ," అన్నాడు టీ కొట్టువాడు గ్లాసు బల్ల మీద కొడుతూ. మావ అప్పుడే వచ్చి కూర్చున్నాడు.

"ఏయ్ దొంగ రిఫరీ, టీ తాగుతావేటి?"

"పట్రా," అన్నాడు మావ. వేడి టీ, గుక్క తిప్పుకోకుండా తాగాడు. నా వైపు వంగి నెమ్మదిగా అన్నాడు, "డూపాటకి అన్నేయం జరిగిందని ఎవుడూ తగువాడడు అల్లుడూ."

వీపు సంగతి ఎవరూ నమ్మలేదు. మామ్మ వారం రోజులు నా ఎడం చేతికి నూనె రాసింది, రావివలస ఎండల మల్లన్నకి మొక్కుకుంది. చెయ్యి మొదటినుంచీ బాగానే ఉంది కాబట్టి మొక్కు వెంటనే ఫలించింది. వీపుకి మందు రాసింది మావే, ఎవరూ చూడకుండా, యార్డులో. "తాడు సూడలేదురా," అని రోజూ అనేవాడు. పదో రోజు కూడా అన్నాడు. ఆయన ఎవరికైనా క్షమాపణ చెప్పడం నేను విన్నది ఆ పది రోజులే.

ఏడాది తిరక్కుండా ఆయన చెట్లెక్కడం మానేశాడు. కారణం క్రియాటినిన్ నెంబరు. తర్వాత పలాసలో డయాలిసిస్, వారానికి మూడుసార్లు. సూది గుచ్చడానికి మణికట్టు దగ్గర రక్తనాళాలు రెండు కలిపి కుట్టారు. ఆ చేత్తో బరువెత్తకూడదు, దాని మీద పడుకోకూడదు, ఎవరూ పట్టుకోకూడదు. నేను చూడ్డానికి వెళ్తే ఆ చెయ్యి దిండు మీద పెట్టుకుని పడుకున్నాడు.

"సూసినావా అల్లుడూ. డాట్రు కూడా ఎడం సెయ్యే పట్టినాడు. ఆట తెలిసినోడే."

"నొప్పా మావా?"

"ఎలగుండాలో నాకు ముందే తెలుసు గదా."

తర్వాత ఊళ్లో నడిచేటప్పుడు ఆ చెయ్యి ఒంటికి ఆనించుకుని, అంతా కుడిచేత్తోనే కానిచ్చేవాడు. ఒక్కోసారి టీ గ్లాసు వైపు ఎడం చెయ్యి అలవాటుకొద్దీ వెళ్లేది. సగంలో ఆగేది. వేళ్లు దులుపుకునేవాడు. టీ కొట్టువాడు చూసి గ్లాసు కుడివైపుకి జరిపేవాడు. అంత పెద్ద వీరాభిమాని అయిపోయాడనుకోకండి. టీ అదే నీళ్ల టీ.

పదకొండో రోజు భోజనాల దగ్గర మళ్లీ ఆ గొడవే లేచింది. ఆ తీర్పు తప్పని టీ కొట్టువాడు, పులిహోర ఆకు ముందు కూర్చుని, పోయిన మనిషి ఇంట్లోనే వాదించాడు. మామ్మ ఇంకా తన వల్లే నేను బతికానంటుంది. నేను చొక్కా ఎత్తి వీపు మీది చారలు చూపించాను. పచ్చబొట్టు ఎప్పుడు పొడిపించుకున్నావని ఒకడు అడిగాడు.

అందరూ వెళ్లాక మావ భార్య, మా అత్త, లోపలినుంచి ఒక చుట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ తాడే. మూడు వరసలూ విప్పి, చుట్టి, అటక మీద దాచాడట. గీరుకునే పీచంతా చేత్తో రుద్దీ రుద్దీ తీసేశాడట, ఆసుపత్రికి వెళ్లని రోజుల్లో కూర్చుని, కుడిచేత్తో. నిమిరి చూశాను. నున్నగా ఉంది. ఏదో పెద్ద మాట చెప్పబోయాను.

"మీ బాయిలో మోటారు పైకి లాగడానికి తాడు లేదన్నావు గదా," అంది అత్త. "తీసుకెల్లు. అటక కాళీ అవుతాది."

తీసుకెళ్లాను. మర్నాడు పొద్దున్న బావా నేనూ కలిసి దానితోనే మోటారు పైకి లాగాం. తాడు తెగలేదు. మోటారుకి వైండింగు కాలిపోయింది. టెక్కలి పంపించాం, గురువారం ఇస్తామన్నారు.